బెలిండా వెనక నడిచిన మనిషి

మెల్‌బోర్న్
1954 మార్చి 8

ఒరే క్లారీ,

తొమ్మిదేళ్ల తర్వాత ఉత్తరం రాసిన ఈ మహానుభావుడు ఎవరా అని కవరు తిప్పి చూసి ఉంటావు. నేనేరా, మీ లెఫ్టినెంటు అలర్డైస్‌ని. మాజీ సైనికుల సంఘంలో నీ చిరునామా దొరికింది. టల్లీలో చెరకు మిల్లుకు చెరకు మోసే చిన్న రైలు నడుపుతున్నావట. ఇరవై ఆరు టన్నుల ట్యాంకును బురదలో ఈడ్చినవాడికి అదెంత పనిలే.

అసలు సంగతికి వస్తాను. మన బ్రిగేడ్ యుద్ధచరిత్ర పుస్తకంగా వస్తోంది. మంచి కాగితం, రంగుల పటాలు, నీలం గుడ్డ అట్ట. నవంబరు పదకొండున విడుదల. చనిపోయినవాళ్ల ఇళ్లకు తలా ఒక ప్రతి ఉచితంగా పంపుతాం. నేను ఆ కమిటీకి కార్యదర్శిని. బూగన్‌విల్ ద్వీపం అధ్యాయంలో మన వాగు దగ్గర జరిగిన పోరాటం నేనే రాశాను.

ప్రతి పోరాట కథనానికీ అక్కడ స్వయంగా ఉన్న ఇద్దరి సంతకాలు కావాలని కమిటీ నియమం పెట్టుకుంది. మన ట్యాంకు బెలిండాలో ఉన్నది నలుగురం. తుపాకీ దగ్గరుండే వాల్ష్ కామెర్లతో పోయాడు. గుండ్లు నింపే టామీ ఆఫ్రికా వెళ్లాడన్నారు, ఆచూకీ లేదు. ఇక మిగిలింది నువ్వూ నేనూ. పేజీ జత చేశాను. చదివి, నా సంతకం కింద నీది పెట్టి పంపించు. ఆగస్టు చివరికల్లా అచ్చుకు వెళ్లాలి.

నీ టీ సంగతి రాయకుండా బెలిండా కథ పూర్తికాదు కదా. ఆ సరదా కబుర్లు రెండు రాసి పంపు, ఎక్కడో ఒకచోట ఇరికిస్తాను.

నీ
రూపర్ట్ అలర్డైస్

*

టల్లీ, ఉత్తర క్వీన్స్‌లాండ్
1954 మార్చి 29

లెఫ్టినెంట్ గారికి,

మీ ఉత్తరం అంది రెండు వారాలైంది. ఇక్కడ వాన మొదలైతే ఆగదు. బూట్లకు బూజు, టోపీకి బూజు, పెట్టెలో పెట్టిన పెళ్లి సూటుకు కూడా బూజు. మీ పేజీకి కూడా పట్టేలోపు జవాబు రాసేద్దామని కూర్చున్నాను.

చదివాను సార్. ‘ఉక్కు యోధులు కారడవిని చీల్చుకుంటూ ముందుకు సాగారు’ అని రాశారు. ఎవరండీ వాళ్లు? నాకు తెలిసిన నలుగురికీ నీళ్ల విరేచనాలు. మూత తెరిస్తే తూటా తగులుతుందని వాల్ష్ ఖాళీ గుండు తొడుగులోనే కానిచ్చి, అది నా వీపు వెనక నిలబెట్టేవాడు. బండి ఊగినప్పుడల్లా ఒలికేది. మీరు పైనుంచి ‘ముందుకు, ముందుకు’ అనేవారు, నేను ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి లేక తిట్టుకునేవాణ్ని. ఇది కూడా మంచి కాగితం మీద వేస్తారా?

చీల్చుకుంటూ వెళ్లామట! గంటకు రెండు వందల గజాలు పోతే గొప్ప. అది కూడా ద్వీపవాసులు దుంగలు మోసుకొచ్చి పరిస్తేనే. వాళ్ల ఊసే లేదు మీ పేజీలో. చెట్ల కింద ఉబ్బిపోయి పడున్న జపాను కుర్రాళ్ల మీదుగా మనం వెళ్లినప్పుడు చక్రాల గొలుసుల్లో ఇరుక్కున్నది నేనూ టామీ కర్రలతో గోకి తీశాం. ఆ సాయంత్రం రేషనులో గొర్రెమాంసం డబ్బా ఇచ్చారు. టామీ ఇక జన్మలో గొర్రెమాంసం ముట్టనన్నాడు.

ఇవన్నీ రాయకపోతే పోనివ్వండి. ఆడవాళ్లు, పిల్లలు చదివే పుస్తకం. కానీ చివర ఒక వాక్యం రాశారే: ‘ట్యాంకు వెనక నడుస్తూ టెలిఫోను ద్వారా దారి చెప్పవలసిన కార్పొరల్ ప్రాసర్ తన స్థానాన్ని వదలి వెళ్లినందువల్ల, ముందున్న గడ్డిలో గాయపడి పడివున్న మన ఇద్దరు సైనికుల సంగతి సిబ్బందికి తెలియలేదు.’ తెలియలేదట, అంతే! ఆ ఇద్దరి మీదుగా వెళ్లింది మన బెలిండా అన్న ముక్క మాత్రం లేదు.

నెడ్ ప్రాసర్ పదకొండు రోజులు మన వెనక నడిచాడు సార్. ఇనపగోడల మధ్య కూర్చున్న మనకు కళ్లు అతనే. సాయంత్రం ఆగగానే ముఖం నిండా మసితో వచ్చి, ‘ఒరే క్లారీ, మీ ముసల్ది వదిలిన గాలంతా నేనే పీల్చానురా, నా ఊపిరితిత్తులు కూడా మీ పటాలంలో చేర్చుకోండి’ అని నవ్వేవాడు. పెళ్లాం మెర్ల్ ఫొటో టోపీ లోపల పెట్టుకుని తిరిగేవాడు. అలాంటివాడు వదిలి వెళ్లాడా?

అతను బండి పక్కన నడుస్తూ రాయితో ఇనుము మీద కొట్టాడు. ఆపండని కొట్టాడు. నేను విన్నాను, మీరూ విన్నారు. ఉచితంగా పంపే ప్రతి మెర్ల్‌కు కూడా వెళుతుందా? ఆవిడ ఆ వాక్యం చదవాలా?

సంతకం పెట్టను.

క్లారెన్స్ టలక్

*

మెల్‌బోర్న్
1954 ఏప్రిల్ 26

క్లారీ,

నిన్న సైనికుల స్మారక దినం. ఊరేగింపు అయ్యాక అందరం కలిసి తాగాం. నీ ఉత్తరం జేబులోనే ఉంది, ఎవరికీ చూపించలేదు. చూపిస్తే నీకే మంచిది కాదు.

కాస్త నిదానంగా ఆలోచించు. ఆ వాక్యం నా సొంతం కాదు. వారం తర్వాత ముగ్గురు ఆఫీసర్లు విచారణ జరిపి తేల్చింది అదే. ప్రాసర్ శవం దొరికింది ట్యాంకు వెనక కాదు, ముందు. ఇరవై గజాల ముందు. ఉండాల్సిన చోట లేడన్నది నిజమా కాదా?

పైగా నువ్వు కూడా అక్కడ నిలబడ్డావు. ‘డ్రైవర్ టలక్, నీకేమైనా వినిపించిందా?’ అని మేజరు అడిగితే, ‘ఏమీ వినిపించలేదు సార్’ అన్నావు. నా పక్కనే నిలబడి అన్నావు. ఇప్పుడు తొమ్మిదేళ్లకు చెవులు తెరుచుకున్నాయా? నాకైతే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పక్కన వాల్ష్ తుపాకీ పేలుస్తుంటే వినిపించింది ఏమీ లేదు.

రాయి సంగతి కూడా విచారణలో వచ్చింది. దూరం నుంచి చూసిన ఒక సైనికుడు చెప్పాడు. మేజరు ఒక్కటే అడిగాడు: ట్యాంకు వెనక పెట్టెలో టెలిఫోను ఉండగా, పెట్టె తెరిచి మాట్లాడితే సరిపోయేదానికి, మనిషి రాయితో ఎందుకు కొడతాడు? కాబట్టి కొట్టలేదని తేల్చారు.

మెర్ల్ ప్రాసర్ గీలాంగ్‌లో ఉన్ని మిల్లులో పనిచేస్తోంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆవిడకు పుస్తకం వెళుతుంది. మిగతా పేజీలో అతన్ని ధైర్యవంతుడనే రాశానుగా. సంతకం పెట్టు, ముగించు.

రూపర్ట్

*

టల్లీ
1954 మే 17

అలర్డైస్,

ఇక గారూ లేదు, సారూ లేదు. నీ ఉత్తరం చదివాక నీ పేరు పక్కన గౌరవం తగిలించడం నా వల్ల కాదు.

రాయితో ఎందుకు కొట్టాడో నీకు తెలియదా? మేజరుకు తెలియదంటే నమ్ముతాను. ఆయన ట్యాంకు లోపలికి దిగిందే లేదు, ప్యాంటు నలుగుతుందని. నీకు తెలియదా?

సరే, నేనే చెబుతాను. ఆ దీవి మొత్తం మీద తడవని చోటు ఒక్కటే, బండి వెనక టెలిఫోను పెట్టె. రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునేది. ఆ సంగతి కనిపెట్టింది ఎవరో గానీ, మన స్క్వాడ్రన్‌లో ప్రతి బండివాడూ టీ ఆకు దానిలోనే దాచేవాడు. ఆకు డబ్బా పట్టాలంటే ఫోను పట్టదు. అందుకని మాట్లాడే గొట్టాన్ని తీగతో సహా ఊడదీసి లోపల పనిముట్ల సంచిలో పడేసేవాళ్లం. వెనక మనిషి నడిచే వేళకు మళ్లీ బిగించేవాళ్లం. బెలిండా పెట్టెలో నా టీ డబ్బా, చక్కెర సంచి, నీ పైపు పొగాకు ఉండేవి. నీ పొగాకు, లెఫ్టినెంటూ. ‘క్లారీ, నాది కింద పెట్టు, మీద తడి తగలకుండా’ అని చెప్పింది ఎవరు?

ఆ రోజు ప్రాసర్ పెట్టె తెరిచాడు. ‘ఆపండి, ముందు మనవాళ్లు పడున్నారు’ అని చెప్పడానికి తెరిస్తే లోపల టీ డబ్బా ఉంది. అందుకే రాయి తీశాడు. దానికీ మనం ఆపకపోయేసరికి, తనను చూసైనా ఆపుతామేమోనని చేతులెత్తి ముందుకు పరిగెత్తాడు. అప్పుడు తూటా తగిలింది. వదిలి వెళ్లాడట! మన టీ కోసం చచ్చినవాణ్ని పారిపోయినవాడిగా అచ్చు వేస్తావా?

ఆ సాయంత్రం నువ్వే ఆ డబ్బా బయటికి తీశావు. ఫోను నువ్వే బిగించావు, విచారణవాళ్లు వచ్చేసరికి అన్నీ బాగుండాలని. నీళ్లు కాచి టీ పెట్టి నాకిచ్చావు. ‘తాగు, క్లారీ, వణుకు తగ్గుతుంది’ అన్నావు. నేను తాగాను. దాని రుచి ఇంకా నోట్లో ఉంది, అసహ్యంగా.

ఆ పేజీ నీలం గుడ్డలో కాదు, దొడ్లో పెట్టు. పనికొస్తుంది.

టలక్

*

మెల్‌బోర్న్
1954 జూన్ 9

క్లారీ,

తిట్లకు అభ్యంతరం లేదు. పొగాకు నాదే. టీ పెట్టింది నేనే. ఫోను బిగించింది నేనే. పదకొండు రోజులు ఆ పెట్టె సంగతి చూసీ చూడనట్టు ఉన్నది కూడా నేనే.

కానీ నువ్వు ఒక ముక్క వదిలేశావు. మరిచిపోయావో, వదిలేశావో నీకే తెలియాలి.

ఆ రోజు తెల్లవారగానే వాగు దాటాలని ఆజ్ఞ వచ్చింది. నేను బండి వెనక్కి వచ్చి నీతో అన్నాను: ‘ఈ రోజు ముందు గడ్డి మనిషెత్తు ఉంది. నాకు ప్రాసర్ మాట తప్ప ఇంకేం కనపడదు. డబ్బా తీసెయ్, నా పొగాకు కూడా తీసెయ్, ఫోను బిగించు.’ నువ్వు బిగించావు. నేను లోపల కూర్చుని మాట్లాడితే, వెనక నుంచి నువ్వు ‘హలో, మెల్‌బోర్న్ గుర్రప్పందాల సంఘమేనా?’ అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పనిచేసింది, క్లారీ.

తర్వాత వాన వచ్చింది. అరగంట ఆగాం. బయల్దేరే ముందు అడిగాను, ‘పెట్టె ఖాళీయేనా?’ అని. ‘ఖాళీయే సార్, తీసేశాను’ అన్నావు.

సాయంత్రం నేను పెట్టె తెరిస్తే డబ్బా అందులోనే ఉంది.

విచారణలో ఆ మాట చెప్పి ఉంటే నిన్ను ఏం చేసేవాళ్లో తెలుసా? నేను చెప్పలేదు. వాళ్లు ప్రాసర్ మీద తేల్చేస్తుంటే నోరు మూసుకున్నాను. చచ్చినవాడికి జైలు లేదు కదా అనుకున్నాను. ఇప్పుడు నేను పారిపోయినవాడిగా రాసింది అతన్ని, కాపాడింది నిన్ను. ఇక చెప్పు. ఆ వాక్యంలో ప్రాసర్ పేరు తీసేసి నీ పేరు వేయమంటావా? వేస్తాను. సంతకం పెడతావా?

రూపర్ట్

*

టల్లీ
1954 ఆగస్టు 2

రూపర్ట్,

రెండు నెలలు రాయలేదు. చెరకు నరికే కాలం, తీరిక లేదు అని రాయబోయాను. ఇంకో అబద్ధం ఎందుకని ఆ కాగితం చింపేశాను.

అవును. నేనే పెట్టాను. ముందు రోజే కొత్త రేషను వచ్చింది, గుర్తుందా? తొమ్మిది రోజులు బూజు వాసన తాగాక మొదటిసారి మంచి ఆకు. నీ మాట విని డబ్బా లోపలికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. వాన మొదలైంది. పైమూత సందులోంచి నీళ్లు దాని మీదే పడుతున్నాయి. ఇది తడిస్తే మళ్లీ పది రోజులు బూజేనని వెనక్కి వెళ్లి, ఫోను ఊడదీసి, డబ్బా తోసి మూత వేశాను. వాన తగ్గగానే తీద్దామనుకున్నాను. నువ్వు అడిగేసరికి మళ్లీ దిగడం బద్ధకమైంది. ‘తీసేశాను’ అనేశాను. అంతే. ఒక మనిషి మాట కన్నా నాకు టీ ఆకు ముఖ్యమైంది.

ఇంతవరకు నీకు తెలుసు. ఇది తెలియనిది, విను.

మొదటి ఉత్తరంలో ‘మీరూ విన్నారు’ అని రాశాను. నీకు వినపడి ఉండదు. ప్రాసర్ కొట్టింది నా తల పక్కన, ఇనుముకు అవతల. మూడు దెబ్బలు, ఆగడం. మూడు దెబ్బలు, ఆగడం. తూటా దెబ్బ అలా ఉండదు. రాయి అని నాకు మొదటి మూడింటికే తెలిసింది. ఎవరు కొడుతున్నాడో తెలిసింది, ఎందుకు రాయితో కొడుతున్నాడో కూడా తెలిసింది.

నీతో మాట్లాడే మైకు నా మెడకే ఉంది. ‘సార్, ఆపుతున్నా, ఎవరో కొడుతున్నారు’ అంటే చాలు. అన్నాననుకో, నువ్వు ‘ఫోనులో ఎందుకు చెప్పడు?’ అంటావు. పెట్టె తెరుస్తారు. డబ్బా బయటపడుతుంది. అబద్ధమాడావురా అని నలుగురి ముందు తిడతావు. ఆ తిట్లు తప్పించుకోవాలని నేను ఆపలేదు. ఏదో చిన్న విషయమై ఉంటుందిలే, సిగరెట్ అడుగుతున్నాడేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. గడ్డిలోంచి చేతులెత్తి అతను ముందు నిలబడితే అప్పుడు ఆపాను. అప్పటికి ఆ ఇద్దరి మీదుగా వెళ్లిపోయాం. బండి కింద ఏదో మెత్తగా తగిలింది కూడా నాకు తెలుసు.

నీ పేరు పక్కన గౌరవం తగిలించలేనని రాశాను. నిన్ను తిడుతుంటే కాసేపు హాయిగా ఉండేది, అందుకు రాశాను. నా ముఖం అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడం మానేసి ఏళ్లయింది, తడుముకుని గీసుకుంటాను.

జరిగింది జరిగినట్టు ఒక పేజీలో రాశాను. ప్రాసర్ ఏం చేశాడో, నేనేం చేశానో. కింద సంతకం పెట్టాను. నీ కమిటీకి ఇద్దరి సంతకాలు కావాలన్నావుగా. రెండోది నీది.

క్లారీ

*

మెల్‌బోర్న్
1954 అక్టోబరు 4

క్లారీ,

సంతకం పెట్టాను. పెట్టడానికి పదిహేను రోజులు పట్టింది. నిన్ను కాపాడానని రాశాను కదా, అది సగమే. డబ్బా బయటపడితే ఆ దళం నాది, ఆ పెట్టె నాది, పొగాకు నాది. అందరికన్నా ముందు పోయేది నా పదవి. మిగతా సగం అది.

పేజీ కమిటీ ముందు పెట్టాను. ఏడుగురు పెద్దమనుషులు, ఏడు కప్పుల టీ. చదవడం అయ్యాక మన పాత మేజరు, ‘అలర్డైస్, బ్రిగేడ్ చరిత్రలో టీ డబ్బా ఏమిటయ్యా? పిల్లలు నవ్వుతారు’ అన్నాడు. ఇంకొకాయన, ‘అన్ని స్క్వాడ్రన్‌లలోనూ పెట్టేవాళ్లే కదా, ఒక్క బెలిండా పేరే ఎందుకు?’ అన్నాడు. అందరికీ తెలుసు, క్లారీ. అక్కడ కూర్చున్న ప్రతివాడికీ ఆ పెట్టె సంగతి తెలుసు. విచారణ చేసిన మేజరుకు కూడా. నేను లేచి బయటికి వెళ్లి కాలువలో వాంతి చేసుకున్నాను.

చివరికి ప్రాసర్ మీద ఉన్న వాక్యం తీసేయడానికి ఒప్పుకున్నారు. ‘ఆనాటి పోరాటంలో మనవాళ్లు ముగ్గురు వీరమరణం పొందారు’ అని మాత్రం ఉంటుంది. నేను రాసిన ఉక్కు యోధులు అలాగే చీల్చుకుంటూ పోతారు. కార్యదర్శి పదవి వదిలేశాననుకుంటావేమో, వదల్లేదు. వదిలితే ఆ వాక్యాన్ని ఎవరో మళ్లీ చేరుస్తారు. పుస్తకం అచ్చయ్యేదాకా కాపలా ఉంటాను.

మన ఇద్దరి సంతకాలున్న పేజీని కమిటీ తిరిగి ఇచ్చేసింది. దాన్ని గీలాంగ్‌కు మెర్ల్ ప్రాసర్ పేరున పంపాను. నిన్ను అడగకుండానే పంపాను, అడిగితే నేనే మనసు మార్చుకుంటానని. నీ చిరునామా కూడా కింద రాశాను. నిన్న జవాబు వచ్చింది. తిట్లు ఉంటాయేమోనని వంటింట్లో నిలబడి తెరిచాను. ఒక్క వాక్యమే ఉంది: ‘ఆయన ఎన్నిసార్లు కొట్టాడు?’

దానికి నేను జవాబు చెప్పలేను. నాకు వినిపించింది తుపాకీ ఒక్కటే.

రూపర్ట్

*

టల్లీ
1954 నవంబరు 11

రూపర్ట్,

పుస్తకం ఇవాళ విడుదలై ఉంటుంది. నాకు ప్రతి పంపకు. ఇక్కడ ఎలాగూ బూజు పడుతుంది.

మెర్ల్‌కు అక్టోబరులోనే రాశాను. క్షమించమని నాలుగు పేజీలు రాసి, చదువుకుంటే అందులో అంతా నేనే ఉన్నాను, నా బాధ, నా నిద్ర, నా అద్దం. ఆవిడ అడిగింది అది కాదు. చింపేసి, మూడేసి చొప్పున మొత్తం ఎన్నిసార్లు కొట్టాడో అది మాత్రం రాశాను.

ఇవాళ ఆవిడ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆయనకు తలుపు ఎప్పుడూ మూడుసార్లే తట్టే అలవాటట. మూడు తట్టి ఆగేవాడట, ఆవిడ వచ్చి తీసేదాకా. కానీ ఎప్పుడూ రెండోసారి తట్టనివ్వలేదట. తర్వాత ఇంకొక ప్రశ్న ఉంది: అంత ఖచ్చితంగా మీకెలా తెలుసు?

దానికి ఇంకా జవాబు రాయలేదు. నీకు చెప్పి చూస్తున్నాను, చేతికి రాయడం వస్తుందేమోనని.

ఇరవై ఏడుసార్లు కొట్టాడు. నేను లెక్కపెట్టాను. లెక్కపెడుతూనే బండి నడిపాను.

క్లారీ